దీపం ఏ తీగ మీద ఉంది? సూచిక దీపాల నుంచి జారే సమాచారంపై ఒక సమీక్ష

రావులపాలెంలో చీకటి పడ్డాక ఏ వీధిలో నడిచినా, అరుగు గోడకు బిగించిన కరెంటు మీటరులో ఒక ఎర్ర చుక్క వెలిగి ఆరుతూ కనిపిస్తుంది. ఇళ్లలోని సింగిల్ ఫేజ్ మీటర్లలో చాలావాటి మీద 3200 అనే అంకె అచ్చువేసి ఉంటుంది. చుక్క అన్నిసార్లు వెలిగితే ఒక యూనిట్ ఖర్చయినట్టు. లోపల ఎంత కరెంటు నడుస్తోందో చేతి గడియారంతోనే తేల్చేయొచ్చు. రెండు వెలుగుల మధ్య 18 సెకన్లు పడితే 60 వాట్ల పైచిలుకు, అంటే ఓ ఫ్యాను. సెకనున్నరకోసారి వెలిగితే 750 వాట్లు, ఒక హెచ్‌పీ మోటారంత. సెకనుకొకటి దాటిందంటే ఏసీయో గీజరో వేసినట్టు. రోజుల తరబడి నిమిషానికోసారి కూడా వెలగకపోతే ఇంట్లో ఎవరూ లేరేమోనన్న అనుమానం ఎవరికైనా వస్తుంది.

ఇందులో దొంగతనం లేదు, లోపమూ లేదు. మీటరు సరిగ్గా తిరుగుతోందో లేదో పరీక్షించడానికి కావాలనే పెట్టిన దీపం అది. అయినా ఇంటి గుట్టు కొంత వీధిలో పడుతోంది. పరికరాల మీద వెలిగే చిన్న దీపాలు లోపలి సమాచారాన్ని బయటపెడతాయా అన్న చర్చ ప్రపంచంలో రెండు దశాబ్దాలకు పైగా సాగుతోంది. ఒకరు అరచేతి వెడల్పు నల్ల టేపు చాలంటారు, ఒకరు అణు కేంద్రాలకే ముప్పంటారు, మరొకరు ఇదంతా ప్రయోగశాల వినోదమని కొట్టిపారేస్తారు. ముగ్గురూ ఒకే విషయం గురించి మాట్లాడుతున్నట్టు కనిపిస్తారు గాని, నిజానికి వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెబుతున్నారు. ఆ ప్రశ్నలను విడదీసి చూడడమే ఈ సమీక్ష పని.

వెలుగుకు ముందు తరంగాలు

యంత్రం తనకు తెలియకుండానే గుట్టు విప్పుతుందన్న సంగతి మొదట బయటపడింది రేడియో తరంగాల్లో. 1943లో అమెరికా బెల్ ల్యాబ్స్‌లో ఒక టెలిప్రింటర్ సందేశాలను రహస్య లిపిలోకి మార్చే యంత్రాన్ని నడుపుతుంటే, గదిలో దూరంగా ఉన్న ఆసిలోస్కోపు మీద అదే తాళంలో ముళ్లు లేచాయి. సైన్యం నమ్మకపోతే, ఇంజినీర్లు న్యూయార్క్‌లోని వారిక్ స్ట్రీట్‌లో సైనిక సంకేత కేంద్రానికి ఎదురుగా ఉన్న భవనంలో కూర్చుని, గంటసేపు సంకేతాలు పట్టి, అసలు సందేశాల్లో ముప్పాతిక భాగం చదివి చూపించారు. టెంపెస్ట్ అనే సంకేతనామంతో సాగిన రక్షణ విద్యకు బీజం అదే. 1985లో నెదర్లాండ్స్ ఇంజినీరు విమ్ వాన్ ఎక్, మామూలు టీవీ సామగ్రితోనే దూరం నుంచి కంప్యూటర్ తెరను చదవొచ్చని బహిరంగంగా నిరూపించాక సైనిక రహస్యం కాస్తా పౌర సమస్య అయింది.

ఇంత జరిగినా వెలుగు జోలికి ఎవరూ పోలేదు. దీపం ఉన్నదే చూడడానికి కదా, అందులో రహస్యమేముంటుందని అనుకున్నారు. దీనికి భౌతిక కారణం కూడా ఉంది. పాత సూచిక దీపాల్లో ఉండేది ఫిలమెంటు. వేడెక్కడానికి, చల్లారడానికి దానికి సమయం పడుతుంది. లోపలి సంకేతం ఎంత వేగంగా మారినా దీపం ఆ మార్పులను మింగేసేది. ఎల్‌ఈడీకి ఆ బద్ధకం లేదు, సెకనులో లక్షల సార్లు వెలిగి ఆరగలదు. సెకనుకు అరవై డెబ్బై సార్లు దాటితే మన కంటికి అది నిలకడైన వెలుగే. కన్ను పట్టుకోలేని ఆ కదలికను ఒక చిన్న ఫోటో సెన్సర్ ఇట్టే పట్టేస్తుంది.

2002లో గీసిన గీత

ఆ సంవత్సరం రెండు పరిశోధన పత్రాలు వచ్చాయి. కేంబ్రిడ్జ్‌లో మార్కస్ కూన్, పాత తరం పిక్చర్ ట్యూబు మానిటర్ వెలుగు గోడ మీద పడితే, ఆ మసక కాంతి నుంచే తెర మీది అక్షరాలను తిరిగి రాబట్టొచ్చని చూపాడు. లాక్‌హీడ్ మార్టిన్‌కు చెందిన జో లౌరీ, ఆబర్న్ విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ అంఫ్రెస్ నేరుగా సూచిక దీపాల మీద పడ్డారు. వాళ్లు చేసిన విభజన నేటికీ ఈ చర్చకు వెన్నెముక.

మొదటి తరగతి దీపం స్థితిని చెబుతుంది: పవర్ ఉందా, లైను అందిందా. రెండో తరగతి దీపం పని ఎంత జోరుగా సాగుతోందో చెబుతుంది, ఏం పని అన్నది చెప్పదు. మూడో తరగతి దీపం సమాచారాన్నే ఉన్నదున్నట్టు వెలిగిస్తుంది. ఒకటి వస్తే వెలుగు, సున్నా వస్తే చీకటి.

మూడో తరగతిలో ఎక్కువగా దొరికిపోయినవి మోడెములు. డేటా వెళ్లే తీగకే నేరుగా దీపాన్ని తగిలిస్తే ఒక భాగం ఖర్చు కలిసివస్తుంది, అందుకే అలా కట్టారు. బ్యాంకు లావాదేవీలను రహస్య లిపిలోకి మార్చే ఒక పెట్టెలో, ఇంకా లిపి మారని వైపు తీగకే దీపం తగిలించి ఉండడం ఆ పరిశోధనలో తేలిన మరీ విడ్డూరమైన సంగతి. ఇంటికి ఉక్కు తలుపు పెట్టి, లోపలి మాటలు కిటికీ మీద రాసినట్టయింది.

అదే సమయంలో ఆఫీసుల్లోని లాన్ పరికరాలు చాలావరకు గట్టెక్కాయి. భద్రత గురించి ఎవరో ముందే ఆలోచించారని కాదు. ఈథర్‌నెట్ ప్యాకెట్ మరీ క్షణికం, దానితోపాటే దీపం వెలిగి ఆరితే కంటికి కనిపించనే కనిపించదు. కనిపించాలని ప్రతి మెరుపునూ సాగదీసి కొంతసేపు నిలబెట్టారు. ఆ సాగదీతలో డేటా ఆనవాళ్లు చెరిగిపోయాయి. మనిషి కంటి కోసం చేసిన ఏర్పాటు అనుకోకుండా కవచమైంది.

మొదటి వాదం: తప్పు కట్టడంలో ఉంది

లౌరీ, అంఫ్రెస్‌ల దారిలో నడిచేవారి వాదన ఇది. దీపాన్ని ఎక్కడ తగిలించారన్నదే ప్రశ్న, దొంగ ఎవరన్నది తర్వాతి మాట. దొంగ యంత్రాన్ని ముట్టుకోనక్కర్లేదు, ఏ వైరస్సూ పంపనక్కర్లేదు, అద్దాల కిటికీ అవతల నిలబడితే సరిపోతుంది. కట్టడం మార్చితే సమస్య పోతుంది.

ఈ వాదం బలం దాని స్పష్టత. మోడెములతోపాటే చాలా ముప్పు పాతబడిపోవడం దీని బలహీనత. అయితే కర్మాగారాల్లో, టెలికాం గదుల్లో నెమ్మదిగా నడిచే పాత సీరియల్ లైన్లు ఇంకా బతికే ఉన్నాయి. అక్కడ ఈ ప్రశ్న పాతబడలేదు.

రెండో వాదం: మూగ దీపాన్ని మాట్లాడించొచ్చు

ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయంలో మోర్డెకాయ్ గురి బృందం ప్రశ్ననే మార్చేసింది. దీపం తనంతట తాను గుట్టు విప్పకపోతే మానె, లోపల చేరిన దొంగ సాఫ్ట్‌వేర్ దాన్ని తన నోరుగా వాడుకుంటే? 2017లో హార్డ్ డిస్క్ దీపాన్ని మిణుకుమనిపించి, కిటికీ బయట ఎగురుతున్న డ్రోన్ కెమెరాతో పట్టారు, కెమెరాకు బదులు తగిన సెన్సర్ ఉంటే వేగం సెకనుకు 4000 బిట్ల దాకా పోతుందని తేల్చారు. అదే ఏడాది రౌటర్లు, స్విచ్‌ల దీపాలతోను, సీసీ కెమెరాల చుట్టూ రాత్రి చూపు కోసం ఉండే ఇన్‌ఫ్రారెడ్ దీపాలతోను అదే పని చేయించారు. 2019లో కీబోర్డు మీది క్యాప్స్ లాక్ దీపం వంతు వచ్చింది, 2022లో నెట్‌వర్క్ కార్డు దీపాలది. కీబోర్డు ఉపాయాన్ని లౌరీ, అంఫ్రెస్ 2002లోనే చెప్పారు. నీల్ స్టీఫెన్‌సన్ 1999 నాటి నవల ‘క్రిప్టోనొమికాన్’లో ఒక పాత్ర జైలులో కూర్చుని కీబోర్డు దీపాన్ని మోర్స్ కోడ్‌లో వెలిగిస్తుంది. కల్పన ముందు, ప్రయోగం వెనుక.

ఈ వాదం లక్ష్యం ఇంటర్నెట్‌తో సంబంధం తెంచి ఉంచిన కంప్యూటర్లు. సాంకేతిక భాషలో ఎయిర్ గ్యాప్. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్, అలాంటి గోడను పెన్ డ్రైవుతో దాటొచ్చని చూపింది. 2019లో తమిళనాడులోని కూడంకుళం అణు కేంద్రం పరిపాలనా నెట్‌వర్క్‌లో మాల్‌వేర్ దొరికిందని అణు విద్యుత్ సంస్థ ఒప్పుకున్నప్పుడు, కీలక వ్యవస్థలు దానితో కలిసి లేవన్నదే ఊరటగా చెప్పింది. గోడ దాటి లోపలికి రావచ్చన్నది తెలిసిందే, బయటికి పోయే దారి కూడా ఉందని బెన్ గురియన్ వాళ్లు అంటున్నారు.

మూడో వాదం: గుట్టు కరెంటులోనే ఉంది

అదే విశ్వవిద్యాలయంలో బెన్ నాసీ బృందం ఇంకో మెట్టు దిగింది. మొదటి తరగతిలో పెట్టి ఎవరూ పట్టించుకోని పవర్ దీపాన్ని పరీక్షించింది. యంత్రం పని పెరిగితే కరెంటు లాగుడు పెరుగుతుంది, దాంతో పవర్ దీపం వెలుగు వెంట్రుకవాసి తగ్గుతుంది. ఇంట్లో మోటారు వేస్తే బల్బు ఒక్క క్షణం గుడ్డిదైనట్టే ఇదీ. 2021లో ‘గ్లోవార్మ్’ పేరుతో, స్పీకర్ పవర్ దీపంలోని ఆ సన్నటి ఊగిసలాటను టెలిస్కోపుతో పట్టి, 35 మీటర్ల దూరం నుంచి మాటలను రాబట్టారు. 2023లో స్మార్ట్ కార్డు రీడర్ దీపాన్ని 16 మీటర్ల దూరంలోని సీసీ కెమెరాతో చిత్రించి, కార్డులోని 256 బిట్ల రహస్య తాళాన్ని లాగారు. మామూలు కెమెరాకు సెకనుకు 30, 60 ఫ్రేములే. కాని ఆ కెమెరాలు చిత్రాన్ని వరుస తర్వాత వరుసగా నమోదు చేస్తాయి. దీపాన్ని ఫ్రేము నిండా కనిపించేలా దగ్గరకు లాగితే సెకనుకు 60,000 కొలతలు చేతికొస్తాయి.

ఇక్కడ న్యాయంగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఆ తాళం జారడానికి దీపం ఒక్కటే కారణం కాదు. లెక్క కట్టే సాఫ్ట్‌వేర్‌లో, తాళంలోని అంకెలను బట్టి ఎక్కువ తక్కువ సమయం తీసుకునే పాత లోపం ఉంది. దీపం ఆ లోపానికి కిటికీ మాత్రమే.

నాలుగో వాదం: గోరంతను కొండంత చేస్తున్నారు

సందేహవాదుల చేతిలో గట్టి ముక్కలే ఉన్నాయి. ఈ ప్రదర్శనలన్నీ పరిశోధకులవే. లోపలికి చొరబడి సాఫ్ట్‌వేర్ పెట్టగలిగినవాడు, దీపాన్ని నమ్ముకోవడం కంటే లోపలి మనిషికి లంచమివ్వడమే నయమనుకోడా? చూపు సూటిగా సాగాలి, పరదా అడ్డొచ్చినా పని చెడుతుంది. మన దగ్గర ఖాతాలు ఖాళీ అవుతున్నది ఓటీపీ చెప్పేయడం వల్ల గాని, రౌటర్ దీపాల వల్ల కాదు.

దీనికి ఎదురు వాదన బిట్ల లెక్కలో ఉంది. ఫోను కెమెరాతో కీబోర్డు దీపాన్ని చదివితే అందే వేగం సెకనుకు 120 బిట్లు. ఆ వేగంతో 3 మెగాబైట్ల ఫోటో ఒక్కటి దొంగిలించాలంటే రెండు రోజులు దాటుతుంది. కాని విలువైనవన్నీ పెద్దవి కావు. 12 అంకెల ఆధార్ సంఖ్య 40 బిట్లలో ఇమిడిపోతుంది, అదే దీపం దాన్ని సెకనులో మూడో వంతులో చెప్పేస్తుంది. పాస్‌వర్డులు, రహస్య తాళాలు కూడా ఆ కోవకే చెందుతాయి. కాబట్టి ఎంత నెమ్మదన్నది కాదు, ఏం పోతుందన్నదే చూడాలి.

పక్కపక్కన పెట్టి చూస్తే

| వాదం | దీపం పాత్ర | దొంగకు ముందుగా కావలసింది | పోయేది | విరుగుడు |
|---|---|---|---|---|
| కట్టడం తప్పు | డేటా తీగకే తగిలి ఉంది | చూపు మాత్రమే | సాగుతున్న సమాచారం | మెరుపును సాగదీయడం |
| మాట్లాడించిన దీపం | దొంగ సాఫ్ట్‌వేర్‌కు నోరు | లోపలి ప్రవేశం, చూపు | ఎంచుకున్న చిన్న రహస్యాలు | టేపు, దీపం ఆపడం, కిటికీ కట్టుదిట్టం |
| కరెంటు జాడ | లోపలి శ్రమకు అద్దం | మంచి కెమెరా లేదా సెన్సర్, ఓపిక | మాటలు, తాళాలు | కరెంటు స్థిరీకరణ, సాఫ్ట్‌వేర్ మరమ్మతు |
| సందేహం | అసలు ముప్పు కాదు | వర్తించదు | దాదాపు ఏమీ లేదు | సులువైన దారులు మూయడం |

మన వాకిట్లో మూడు దీపాలు

ఈ తరగతులను మనకు తెలిసిన వస్తువులతో సరిచూస్తే చర్చ నేల మీదికి దిగుతుంది.

మొదటిది ఈవీఎం. హైదరాబాద్‌లోని ఈసీఐఎల్, బెంగళూరులోని బీఈఎల్ వీటిని తయారుచేస్తాయి. పోలింగ్ అధికారి దగ్గరుండే కంట్రోల్ యూనిట్ మీద ఎర్రగా వెలిగే ‘బిజీ’ దీపం, ఓటరు ఇంకా నొక్కలేదని మాత్రమే చెబుతుంది. ఎవరికి నొక్కారో చెప్పే దీపం బ్యాలెట్ యూనిట్ మీద, అభ్యర్థి పేరు పక్కన ఉంటుంది, దాని చుట్టూ అట్ట మరుగు. అంటే స్థితి చెప్పే దీపం బయట, గుట్టు చెప్పే దీపం మరుగున. అందరూ అలా అమర్చుకోలేదు. 2006లో నెదర్లాండ్స్‌లో ఓటింగ్ యంత్రాల నుంచి వెలువడే రేడియో తరంగాలను బట్టి ఓటు ఎటు పడిందో బయటినుంచి ఊహించవచ్చని తేలి వివాదం ముదిరింది, చివరికి ఆ దేశం కాగితపు బ్యాలెట్‌కు మళ్లింది. ఆ ఉద్యమాన్ని నడిపిన రాప్ గోంగ్రైప్, 2010లో హైదరాబాద్‌కు చెందిన హరిప్రసాద్ తదితరులతో కలిసి భారత ఈవీఎంల మీద పత్రం రాశాడు. అయితే దాని ప్రశ్న వేరు. యంత్రం చేతికి చిక్కితే లోపలి డిస్‌ప్లే బోర్డును మార్చొచ్చన్నది వాళ్ల వాదన, దాన్ని ఎన్నికల సంఘం ఒప్పుకోలేదు. యంత్రాన్ని మార్చడం ఒకటి, ముట్టుకోకుండా చదవడం మరొకటి. చర్చల్లో ఈ రెండూ తరచు కలిసిపోతుంటాయి.

రెండోది ఇంటర్నెట్ పెట్టె. ఏపీ ఫైబర్‌నెట్ కనెక్షనైనా, ప్రైవేటుదైనా, నెట్ ఆగిపోయిందని ఫోను చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది ఒకటే: ‘లాస్ దగ్గర ఎర్ర లైటు పడుతోందా అండీ?’ అది మొదటి తరగతి దీపం, తీగ తెగిందో లేదో చెబుతుంది. దాని పక్కనే గబగబా కొట్టుకునే లాన్ దీపం రెండో తరగతి. ఇంట్లో ఎవరో నెట్ వాడుతున్నారని చెబుతుంది, ఏం చూస్తున్నారో చెప్పదు. జాతీయ రహదారి మీది అద్దాల షాపుల్లో రోడ్డు వైపు తిరిగి మిణుకుమనే పెట్టెల సంగతీ అంతే. భయపడాల్సిందేమీ లేదు, లోపల దొంగ సాఫ్ట్‌వేర్ చేరనంత వరకు.

మూడోది మనం మొదలుపెట్టిన మీటరు. ఇది రెండో తరగతి దీపమే, కాని ఆ మూడింటిలోనూ ఇదే ఎక్కువ చెబుతుంది. కరెంటు వాడకంలో మెట్లను బట్టి ఏ పరికరం ఎప్పుడు నడిచిందో విడదీయొచ్చని ఎంఐటీలో జార్జ్ హార్ట్ 1980లలోనే కనిపెట్టాడు. అంతటితో ఆగకుండా, ఈ విద్య ఇళ్ల మీద నిఘాగా మారే ప్రమాదముందని 1989లో తానే హెచ్చరించాడు. రాష్ట్రంలో స్మార్ట్ మీటర్ల మీద రాజకీయ రగడ ఎక్కువగా బిల్లుల చుట్టూనే తిరిగింది. గోప్యత మాట వచ్చినా, సర్వరుకు చేరే 15, 30 నిమిషాల లెక్కల దగ్గరే ఆగింది. గోడ మీది ఎర్ర చుక్క అంతకంటే ఎన్నో రెట్లు సన్నటి లెక్కను క్షణక్షణమూ వీధికి చెబుతోంది. దీపం కింద చీకటి అంటే ఇదే.

చట్టం ఎంతవరకు వచ్చింది

2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. అయితే ఆ చట్టం ప్రధానంగా డేటాను సేకరించి వాడే సంస్థల కోసం రాసింది, సొంత అవసరానికి వాడుకునే వ్యక్తికి అది వర్తించదు. 2000 నాటి ఐటీ చట్టం అనుమతి లేకుండా కంప్యూటర్‌లోకి చొరబడడాన్ని శిక్షిస్తుంది. రోడ్డు మీద నిలబడి దీపాన్ని చూసినవాడు చొరబడినట్టా, కాదా?

అమెరికా న్యాయస్థానాలు ఈ ప్రశ్నకు దగ్గరగా వచ్చాయి. ఇంట్లోంచి వచ్చే వేడిని రోడ్డు మీది నుంచి ప్రత్యేక కెమెరాతో పోలీసులు కొలవడం కూడా సోదా కిందికే వస్తుందని 2001లో కైలో కేసులో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. 2018లో నేపర్‌విల్ స్మార్ట్ మీటర్ల కేసులో అప్పీలు కోర్టు, పావుగంట లెక్కల సేకరణ సోదాయేనంది, అయితే సమంజసమైన సోదా అని సరిపెట్టింది. రెండూ ప్రభుత్వాన్ని నిలువరించే తీర్పులు, పక్కింటివాణ్ణి కాదు.

విరుగుడు ఖరీదు

అన్నిటికంటే చవక నల్ల టేపు ముక్క, కాని దాంతో దీపం ఉపయోగమే పోతుంది. సర్వర్ల ముఖం కిటికీకి పెడగా తిప్పడానికి ఖర్చే లేదు. కొన్ని స్విచ్‌లలో సెట్టింగు మార్చి దీపాలు ఆపేయొచ్చు, అయితే సాఫ్ట్‌వేర్‌తో ఆపినదాన్ని దొంగ సాఫ్ట్‌వేర్ మళ్లీ వెలిగించగలదు. మెరుపును సాగదీసే సర్క్యూట్, పవర్ దీపం దగ్గర ఊగిసలాటను మింగే కెపాసిటర్, కొద్దిపాటి ఖర్చుతో తయారీలోనే చేయాల్సినవి, కొన్నాక మనం చేసుకోలేం. మీటరు విషయంలో చుక్కను కప్పేస్తే పరీక్షకు వచ్చినవాళ్లకు ఇబ్బంది, మూసే పెట్టె ఉంటే రెండు పనులూ జరుగుతాయి.

ఇంకా తేలనివి

ఒకటి, బాధ్యత ఎవరిది? 2023 నాటి స్మార్ట్ కార్డు తాళం విషయంలో సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లు దీపాన్ని, దీపం పెట్టినవాళ్లు సాఫ్ట్‌వేర్‌ను చూపిస్తారు. రెండు, కొలత. మార్కెట్లోకి వచ్చే పరికరాలను రేడియో తరంగాల విషయంలో పరీక్షిస్తారు, సూచిక దీపాల వెలుగు ఆ పరీక్షల్లో భాగం కాదు. మూడు, హద్దు. కెమెరాలు ఏటా పదునెక్కుతున్నాయి, 2002లో ప్రత్యేక సెన్సర్‌తో చేసింది ఈనాడు ఫోను చేస్తోంది. నిన్న మొదటి తరగతి అనుకున్న పవర్ దీపం ఈ రోజు మూడో తరగతి పని చేసింది. తరగతి దీపానిదా, చూసే కంటిదా అన్నది లౌరీ, అంఫ్రెస్‌ల విభజనకే సవాలు.

అయినా ఆ విభజన ఇచ్చిన ప్రశ్న చెక్కుచెదరలేదు. దీపం ఎంత పెద్దది, ఏ రంగుది అన్నది కాదు, అది ఏ తీగ మీద ఉంది, ఆ తీగలో ఏం నడుస్తోంది, దాని ముఖం ఎటు తిరిగి ఉంది అన్నవే అడగాలి. ఈవీఎంకు అట్ట మరుగు పెట్టినవాళ్లు ఆ మూడూ అడిగారు. అరుగు మీద మీటరు బిగించినవాళ్లు మొదటి రెండూ అడిగి, మూడోది మరిచారు.